నొక్కితే వచ్చేది, నొక్కినా రానిది

2022 అక్టోబర్ 1న ప్రధాని ఢిల్లీలో 5జీ సేవలు ప్రారంభించారు. ఆ వారంలోనే ఎయిర్‌టెల్ 5జీ అందుకున్న ఎనిమిది నగరాల్లో మన హైదరాబాద్ కూడా ఉంది. అంతకు ముందే ఖరీదు పెట్టి 5జీ ఫోన్ కొనుక్కున్నవాళ్లు ఆశగా తెర పైభాగం చూసుకున్నారు. అక్కడ 4జీ అనే ఉంది. సిమ్ మార్చక్కర్లేదన్నారు, టవర్ వచ్చిందన్నారు, ఫోన్ డబ్బా మీద పెద్దక్షరాలతో 5జీ అని రాసుంది. అయినా రాలేదు. పెద్ద కారణం ఒకటుంది. చాలా ఫోన్లలో 5జీని తెరిచే సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అప్పటికి ఇంకా అందలేదు. ఒక్కో కంపెనీ ఒక్కో గడువు చెప్పింది. ఐఫోన్ మామూలుగా వాడుకునేవాళ్లయితే డిసెంబర్ 13న ఐఓఎస్ 16.2 వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది.

ఆ రెండున్నర నెలల్లో మనుషులు రెండు రకాలుగా కనిపించారు. కొందరు సిమ్ మార్చారు, ఫోన్ రీసెట్ కొట్టి ఫొటోలు పోగొట్టుకున్నారు, కొన్న షాపుకెళ్లి గొడవ పడ్డారు. ఇంకొందరు తమ ఫోన్ కంపెనీ ఏ నెలలో ఇస్తానందో కనుక్కుని, తమ పని తాము చూసుకున్నారు. చివరికి ఒకే మోడల్ ఉన్నవాళ్లందరికీ అప్‌డేట్ ఇంచుమించు ఒకే సమయంలో వచ్చింది. మొదటి రకం వాళ్లకు తొందర వల్ల ఒక్క రోజు కూడా కలిసి రాలేదు. పైగా ఫొటోలు పోయాయి.

మీరు ఏ రకం? ఈ ప్రశ్న వేసుకోవడానికి ఫోన్ అప్‌డేట్ కన్నా మంచి సందర్భం దొరకదు. ఎందుకంటే ఇందులో మన చేతిలో ఉన్నదేదో, లేనిదేదో చాలా స్పష్టంగా కనిపిస్తుంది.

అసలు అందరికీ ఒకేసారి ఎందుకు పంపరో ముందు తెలుసుకోండి. అన్నం ఉడికిందో లేదో ఒక మెతుకు పట్టుకుని చూస్తాం కదా, కంపెనీలు చేసేదీ అదే. కానీ ఈ కుండలో బియ్యం ఒక్క రకానివి కావు. మోడళ్లు వేరు, ఒక్కో ఫోన్‌లో ఉన్న యాప్‌లు వేరు, ఒకరి మెమరీ ఖాళీగా ఉంటే ఇంకొకరిది నిండిపోయి ఉంటుంది. అందుకే ఒక్క మెతుకుతో తేల్చరు. గూగుల్‌లో ఆండ్రాయిడ్ ఇంజినీర్‌గా పనిచేసిన డాన్ మోరిల్ 2013లో తమ పద్ధతి బాహాటంగానే చెప్పారు. మొదట 1 శాతం ఫోన్లకు పంపుతారు. ఒకటి రెండు రోజులు ఆగి, ఆ ఫోన్లు మళ్లీ సర్వర్‌ను పలకరిస్తున్నాయా, ఎర్రర్ రిపోర్టులు పెరిగాయా అని చూస్తారు. అంతా సవ్యంగా ఉంటే 25 శాతం, తర్వాత 50, ఆ తర్వాత అందరికీ. మొత్తం వారం, రెండు వారాలు పడుతుంది. యాప్‌లకూ ఇలాంటి ఏర్పాటే ఉంది. ఆపిల్ యాప్ స్టోర్‌లో డెవలపర్ విడతలవారీ విడుదల ఎంచుకుంటే, ఆటోమేటిక్ అప్‌డేట్ పెట్టుకున్నవాళ్లకు ఏడు రోజుల్లో 1, 2, 5, 10, 20, 50, 100 శాతంగా వెళ్తుంది. మధ్యలో తేడా కనిపిస్తే ఆపేయొచ్చు.

అందరికీ ఒకేసారి పంపితే ఏమవుతుందో చెప్పడానికి రెండు సంగతులు చాలు. 2014 సెప్టెంబర్ 24న ఆపిల్ ఐఓఎస్ 8.0.1 విడుదల చేసింది. లోపాలు సరిచేయడానికి వచ్చిన అప్‌డేట్ అది. దాన్ని వేసుకున్న ఐఫోన్ 6, 6 ప్లస్‌లలో సిగ్నల్ పోయింది, వేలిముద్ర పనిచేయడం మానేసింది. ఆ ఫోన్లు అమ్మకానికి వచ్చి అప్పటికి వారం కూడా కాలేదు. ఆపిల్ దాన్ని ఇంచుమించు గంటలోనే వెనక్కి తీసుకుని, మర్నాడు 8.0.2 ఇచ్చింది. ఆ కాస్త సమయంలోనే, ఆపిల్ లెక్క ప్రకారం, 40 వేల లోపు ఫోన్లు ఇబ్బంది పడ్డాయి. అందరికన్నా ముందు వేసుకున్నవాళ్లవే అవన్నీ.

రెండోది కంప్యూటర్లది. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ ఒక ఫైల్‌ను విడతలు లేకుండా ప్రపంచమంతా ఒకేసారి పంపింది. తప్పు తెలిసి 78 నిమిషాల్లో ఉపసంహరించుకుంది. ఆ 78 నిమిషాలకే, మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారం, 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెర చూపించి నిలబడిపోయాయి. ఆ రోజు శంషాబాద్‌లో విమానం ఎక్కినవాళ్లలో కొందరి చేతికి పెన్నుతో రాసిన బోర్డింగ్ పాసులు వచ్చాయి. ఆ తర్వాతే ఆ సంస్థ, ఇలాంటి ఫైళ్లను కూడా ఇకపై విడతలుగా పంపుతామని ప్రకటించింది. కాబట్టి మీ వంతు ఇంకా రాలేదంటే మీకేదో అన్యాయం జరిగిందని అనుకోకండి. మీకన్నా ముందు వేసుకున్నవాళ్ల ఫోన్లు మీ ఫోన్‌కు కాపలా కాస్తున్నాయి.

ఇక మనసు చివుక్కుమనే చోటికి వద్దాం.

"బావా, నాకొచ్చేసింది. నీకింకా రాలేదా?"

"లేదురా. ఇద్దరిదీ ఒకటే మోడల్, ఒకే రోజు కొన్నాం. నాకెందుకు రాలేదు?"

ఆదివారం భోజనాల దగ్గర ఈ మాట వినని ఇల్లుండదు. అవతలివాడు కొత్త లాక్ స్క్రీన్ చూపిస్తుంటే ఇవతలివాడు సెట్టింగ్స్ తెరిచి "చెక్ ఫర్ అప్‌డేట్" నొక్కుతాడు. గుండ్రంగా తిరిగి, "మీ సిస్టమ్ అప్ టు డేట్‌గా ఉంది" అంటుంది. మళ్లీ నొక్కుతాడు. మళ్లీ అదే. పెరుగన్నం దగ్గరికి వచ్చేసరికి మొహం మాడిపోయి ఉంటుంది.

మోరిల్ చెప్పినదాంట్లో అతను వినాల్సిన సంగతి ఒకటుంది. ఆ మొదటి 1 శాతం యాదృచ్ఛికంగా పడేదే. ఒక విడతలో మీ ఫోన్‌కు "కాదు" అని పడితే, ఎన్నిసార్లు నొక్కినా ఆ విడతలో జవాబు మారదు. తర్వాతి విడత తెరిచినప్పుడే మళ్లీ అవకాశం. అంటే బావకు రాకపోవడంలో బావ తక్కువతనం ఏమీ లేదు, బామ్మర్దికి రావడంలో అతని గొప్పా లేదు. మన పేరు, జీతం, చదువు ఏదీ ఆ సర్వర్ చూడదు.

చీటీలు తీసినట్టు జరిగే ఎంపికను తీర్పుగా తీసుకోవడం మనలో చాలామందికి ఉన్న అలవాటు. మన పిల్లలు ఎందరో అమెరికాలో హెచ్1బీ లాటరీ కోసం ఎదురుచూశారు. 2021లో మార్చిలో పేరు రానివాళ్లలో కొందరికి జులైలో వచ్చింది, మరికొందరికి నవంబర్‌లో వచ్చింది. మార్చిలో ఏడ్చినవాళ్లు తమ చదువునే తప్పుపట్టుకున్నారు. ఎంత బాగా చదివారన్నదానికీ ఆ లాటరీకీ సంబంధం లేదు. ఎంసెట్ (ఇప్పటి ఈఏపీసెట్) కౌన్సెలింగ్ అలా కాదు. అక్కడా విడతలు ఉంటాయి, కానీ సీటు ర్యాంకును బట్టి వస్తుంది, చదివినదానికి లెక్క ఉంది. ఏదైనా ఆలస్యమైనప్పుడు ముందు ఇది చీటీయా, ర్యాంకా అని చూడండి. చీటీ అయితే మీ మీద మీరు కోపం తెచ్చుకోకండి. ర్యాంకు అయితే కూర్చుని చదవండి.

ఇంకో మెట్టు పైకి వెళ్దాం. నొక్కితే పనయ్యే చోట్లు కూడా ఉన్నాయి, వాటిని వదులుకోవడమూ నష్టమే. ఐఫోన్ సంగతే చూడండి. ఆపిల్‌లో సాఫ్ట్‌వేర్ విభాగం పెద్ద క్రెయిగ్ ఫెడెరిగి 2022లో ఒక వినియోగదారుడికి రాసిన జవాబు బయటికి వచ్చింది. సెట్టింగ్స్‌లోకి వెళ్లి అడిగినవాళ్లకు అప్‌డేట్ ముందు ఇస్తారు. ఆటోమేటిక్‌కు వదిలేసినవాళ్లకు ఒకటి నుంచి నాలుగు వారాలు ఆగి, స్పందన చూసుకుని పంపుతారు. అంటే ఐఫోన్‌లో అడిగినవాడికి అందుతుంది. విడతలవారీగా వచ్చే ఆండ్రాయిడ్ సిస్టమ్ అప్‌డేట్‌లో చాలా ఫోన్లకు ఎంత అడిగినా వంతు రావాల్సిందే. బటన్ చూడడానికి రెండింటిలోనూ ఒకేలా ఉంటుంది. తెలివైనవాడు మొదట కనుక్కునేది ఆ బటన్ వెనక ఏముందన్నదే. ఆఫీసులో ప్రమోషన్ ఫైలు ఎక్కడ ఆగిందో అడిగితే కదులుతుందా, లేక బడ్జెట్ నెల వచ్చేదాకా ఎవరూ ఏమీ చేయలేరా? అడిగితే కదిలేదైతే వెళ్లి అడగండి, మొహమాటపడకండి. కదలనిదైతే రోజూ మేనేజర్ గది ముందు నిలబడి పరువు తగ్గించుకోకండి.

తొందరపాటు ఎక్కడికి దారి తీస్తుందో మాత్రం నేను గట్టిగా చెప్పదలచుకున్నాను. వంతు ముందే తెచ్చుకోవడానికి గూగుల్ సర్వీసెస్ ఫ్రేమ్‌వర్క్ డేటా చెరిపేయమని చిట్కాలు చెప్పేవాళ్లు ఒకప్పుడు చాలామంది ఉండేవారు. అలా చేస్తే గూగుల్ దృష్టిలో ఆ ఫోన్ గుర్తింపు మారిపోతుందని, యాప్‌లకు సందేశాలు అందే ఏర్పాటు చెదిరిపోతుందని మోరిల్ అప్పుడే హెచ్చరించారు. అంతకన్నా పెద్ద ప్రమాదం వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైళ్లు, అంటే ఆండ్రాయిడ్‌లో యాప్‌ను నేరుగా ఇన్‌స్టాల్ చేసే ఫైళ్లు. 2021లో "పింక్ వాట్సాప్" అంటూ తిరిగిన లింకు గుర్తుందా? రంగు మారుతుందనే ఆశ చూపి ఫోన్‌లోకి దూరింది. ఇప్పుడు ఈ-చలాన్ పేరుతో, పీఎం కిసాన్ పేరుతో, బ్యాంకు రివార్డు పాయింట్ల పేరుతో అవే వస్తున్నాయి. ఆ ఫైల్ ఇన్‌స్టాల్ చేసి, మెసేజ్‌లు చదవడానికి అనుమతి ఇచ్చామా, ఓటీపీ వాళ్ల చేతికి పోయినట్టే. నిజమైన అప్‌డేట్ సెట్టింగ్స్‌లో వస్తుంది, లేదా ప్లే స్టోర్‌లో, యాప్ స్టోర్‌లో వస్తుంది. ఎంత దగ్గరివాళ్లు పంపినా, వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే తెరవకండి. తెరిచి డబ్బు పోతే నిమిషం ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

ఇంత చెప్పాక ఇంకో వైపు చెప్పకపోతే తప్పవుతుంది. ఓపిక వేరు, వాయిదా వేరు. వంతు రాకముందు ఆగడం ఓపిక. వంతు వచ్చాక "రిమైండ్ మీ లేటర్" నొక్కుతూ పోవడం వాయిదా. వాయిదాకు ఎంత ఖరీదో 2017లో ప్రపంచం చూసింది. విండోస్‌లో ఒక రంధ్రాన్ని పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ ఆ ఏడాది మార్చి 14న ఇచ్చింది. మే 12న వనాక్రై అనే సైబర్ దాడి అదే రంధ్రంలోంచి వచ్చింది. మధ్యలో దాదాపు రెండు నెలలు. ఆ అప్‌డేట్ వేసుకోని కంప్యూటర్లు బ్రిటన్ ఆసుపత్రుల్లో నిలిచిపోయాయి, మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోనూ కొన్ని దెబ్బతిన్నాయి.

కాబట్టి నోటిఫికేషన్ వచ్చిన రోజు ఏం చేయాలో ముందే తేల్చుకోండి. నెలనెలా వచ్చే సెక్యూరిటీ ప్యాచ్ అయితే ఆ రాత్రే వేసుకోవాలి. ఆండ్రాయిడ్ వెర్షన్ మారే పెద్ద అప్‌డేట్ అయితే ఒక వారం ఆగి, అదే మోడల్ వాడేవాళ్లు ఏమంటున్నారో చూసి వేసుకున్నా నష్టం లేదు. ముందు ఫొటోలు, కాంటాక్టులు బ్యాకప్ తీయండి. నాలుగైదు జీబీలైనా ఖాళీ ఉంచండి. ఛార్జింగ్ సగం పైన ఉండాలి, వైఫై ఉంటే మేలు. తెల్లవారుజామున రైలు ఉండి, టికెట్ ఫోన్‌లోనే ఉంటే ఈ రాత్రి వద్దు. ఆన్‌లైన్ ఇంటర్వ్యూ ముందు రోజు వద్దు. ఇంట్లో పెళ్లి జరుగుతున్న రోజు అసలే వద్దు. 2016లో ఆండ్రాయిడ్ 7తో వచ్చిన ఏర్పాటు ఉన్న ఫోన్లలో అప్‌డేట్ పక్క అరలో కూర్చుంటుంది, కొత్తది తెరుచుకోకపోతే ఫోన్ పాతదానితోనే లేస్తుంది. అయినా బ్యాకప్ మానకండి.

ఎదురుచూసే రోజులనూ వాడుకోవచ్చు. అమ్మానాన్నల ఫోన్లు మీరే చూసుకుంటుంటే, అందరివీ ఒకేసారి మార్చకండి. మొదట మీ ఫోన్‌లో వేసుకుని, రెండు రోజులు వాడి, యూపీఐ, బ్యాంకు యాప్ సరిగ్గా తెరుచుకుంటున్నాయని చూశాక వాళ్లవి పెట్టండి. అదే పద్ధతి మీ రోజుకూ పనికొస్తుంది. జనవరి 1న తెల్లవారి నాలుగింటికి లేవడం, జిమ్, డైట్, డైరీ అన్నీ ఒకేసారి మొదలుపెట్టి పదో తేదీకల్లా అన్నీ వదిలేసేవాళ్లు ప్రతి వీధిలో ఉంటారు. ఒక్క మార్పు పెట్టి వారం చూడండి. నిద్ర చెడిందా, పని దెబ్బతిందా, ఇంట్లోవాళ్లకు ఇబ్బందయిందా? బాగుంటే రెండోది కలపండి. బాగాలేకపోతే వెనక్కి తీసుకోండి. ఆపిల్ అంతటి సంస్థ గంటలో వెనక్కి తీసుకుంది, మీరు తీసుకుంటే నామోషీ ఏమీ లేదు.

ఇప్పుడే ఒక పని చేయండి. ఆండ్రాయిడ్ ఫోన్ అయితే సెట్టింగ్స్‌లో "అబౌట్ ఫోన్"కు వెళ్లి, ఆండ్రాయిడ్ వెర్షన్ దగ్గర సెక్యూరిటీ అప్‌డేట్ తేదీ చూడండి. ఒకటి రెండు నెలల వెనక తేదీ ఉంటే కంగారు లేదు, మీ వంతు వస్తుంది. ఆరు నెలలు దాటి ఉండి, కొత్తదేదీ చూపించకపోతే, ఆ మోడల్‌కు అప్‌డేట్లు ఎప్పటివరకు ఇస్తారో కంపెనీ వెబ్‌సైట్‌లో వెతకండి. 2023లో వచ్చిన పిక్సెల్ 8కు, 2024 నాటి గెలాక్సీ ఎస్24కు ఏడేళ్లు ఇస్తామని చెప్పారు. చవక ఫోన్లకు అంత కాలం ఉండదు. గడువు ముగిసిపోయిందని తేలితే ఇక ఎదురుచూడకండి, ఆ ఫోన్‌కు వంతు రాదు. అందులోంచి బ్యాంకు యాప్‌లు, యూపీఐ ఈ రోజే తీసేయండి.