వెతికినా దొరకని వ్యాసం

హెచ్-1బి మీద ఉన్నవాళ్ళకి ఉద్యోగం పోతే, కొత్తది వెతుక్కోడానికి గరిష్ఠంగా 60 రోజుల గడువు. దానిమీద నేనో వ్యాసం రాశాను. ఉద్యోగం పోయిన నా మిత్రుడికే గూగుల్లో అది దొరకలేదు! నా తప్పులివి:

1. శీర్షిక "చీకటి వెనుకే వెలుగు" అని పెట్టాను. అతను వెతికింది "హెచ్-1బి 60 రోజులు" అని.

2. గడువుల పట్టికని బొమ్మగా పెట్టాను. బొమ్మలోని అక్షరాల్ని సెర్చ్ ఇంజన్ చదువుతుందన్న భరోసా లేదు. యూనికోడ్‌లో టైపు చెయ్యాల్సింది.

3. కీవర్డ్స్ మెటా ట్యాగ్‌లో ముప్పై మాటలు కుక్కాను. ర్యాంకింగుకి దాన్ని వాడటం లేదని గూగుల్ 2009లోనే చెప్పింది.

మీ వ్యాసాన్ని మీ మాటలతో కాదు, అవసరంలో ఉన్నవాళ్ళ మాటలతో ఓసారి వెతికి చూడండి.