మేడ మీద టెలిస్కోప్ ఎందుకు పెట్టరు?



"టీచర్, పెద్ద టెలిస్కోప్ మన మదీనాగూడలోనే పెట్టొచ్చు కదా?" అని ఏడో తరగతి పాప అడిగింది. రాత్రి మేడెక్కి చూడండి, జవాబు దొరుకుతుంది. హైవే లైట్లు, హోర్డింగులు, దుమ్ము. చుక్కలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

టెలిస్కోప్‌కి చీకటి, పొడిగాలి కావాలి. అందుకే దక్షిణ ధ్రువంలోనూ ఒకటి పెట్టారు. అక్కడ రాత్రి ఆరు నెలలు! మన దేశంలో అలాంటి చలి ఎడారి లద్దాఖ్‌లోని హాన్లే. సుమారు 4,500 మీటర్ల ఎత్తు, ఆక్సిజన్ తక్కువ. అక్కడి 2 మీటర్ల చంద్ర టెలిస్కోప్‌ను శాస్త్రవేత్తలు బెంగళూరు దగ్గరి హోస్కోటె నుంచే శాటిలైట్ లింక్ ద్వారా నడుపుతారు. మీ వర్క్ ఫ్రమ్ హోమ్ లాంటిదే! 2024 అక్టోబరులో హాన్లేలోనే ప్రారంభమైన 21 మీటర్ల మేస్ టెలిస్కోప్ తయారీలో బార్క్‌తో పాటు మన హైదరాబాద్ ఈసీఐఎల్ పాలుపంచుకుంది.

ఈ శనివారం ఇలా చేయండి:
1. మేడ మీద లైట్లు ఆపి, పిల్లలతో చుక్కలు లెక్కపెట్టండి.
2. 20 నిమిషాలు ఫోన్ ముట్టుకోకండి. కళ్లు చీకటికి అలవాటు పడతాయి.
3. మళ్లీ లెక్కపెట్టి, రెండు అంకెలూ సైన్స్ నోట్‌బుక్‌లో రాయించండి.

తేడా ఎందుకొచ్చిందో మీరు చెప్పకండి. పిల్లల్నే చెప్పనివ్వండి.

మీ సైన్స్ టీచర్