పేరులో పల్లె, తీరులో పట్నం

మదనపల్లె. పుంగనూరు. కుప్పం.

ఈ మూడు పేర్లనూ ఒకసారి పైకి చదవండి. ఒక పేరులో పల్లె ఉంది. ఇంకొక పేరులో ఊరు ఉంది. తమిళంలో కుప్పం అన్నా చిన్న పల్లె అనే అర్థం. పేరు పెట్టిననాడు ఇవి పల్లెలే. ఇప్పుడు మూడూ మున్సిపాలిటీలు.

పల్లె ఎట్లా పట్నం అవుతుంది? మేడలు కడితే అవుతుందా? సినిమా హాలు వస్తే అవుతుందా?

జనగణన వాళ్ళు దీనికి ఒక లెక్క పెట్టుకున్నారు. మున్సిపాలిటీ ఉన్న ఊరు ఎట్లాగూ పట్టణమే. మున్సిపాలిటీ లేని ఊరిని పట్టణం అనాలంటే అక్కడ 5,000 మందికి తగ్గకూడదు. చదరపు కిలోమీటరుకు కనీసం 400 మంది ఉండాలి. పనిచేసే మగవాళ్ళలో నూటికి 75 మంది సేద్యం కాని పనులు చేస్తూ ఉండాలి. ఈ చివరి మాట మళ్ళీ చదవండి. మగవాళ్ళు అని ఉంది. ఆడవాళ్ళ పని ఈ లెక్కలోకి రాదు. ఎందుకు రాదో అడగాల్సిందే.

మదనపల్లెకు జనం ఒక్కసారిగా రాలేదు. 1915లో బీసెంట్ కాలేజీ వచ్చింది. చదువు కోసం పిల్లలు వచ్చారు. ఆరోగ్యవరంలో క్షయ ఆసుపత్రి వచ్చింది. రోగులు వచ్చారు, వాళ్ళ వెంట బంధువులు వచ్చారు. తర్వాత టమోటా మార్కెట్ పెరిగింది. రైతులు, మండీల వాళ్ళు, హమాలీలు, లారీ డ్రైవర్లు వచ్చారు. వచ్చినవాళ్ళకు ఇల్లు కావాలి, టీ కొట్టు కావాలి, బడి కావాలి. అట్లా వీధికి వీధి తోడైంది.

నీరుగట్టువారిపల్లె మదనపల్లె పట్టణంలోనే ఉంది. అక్కడ పట్టుచీరలు నేస్తారు. అక్కడ ఒక ఇల్లు ఉందనుకుందాం. కొడుకు మగ్గం గుంతలో కూర్చుని నేస్తున్నాడు. కోడలు రాట్నం దగ్గర కండెలు చుడుతోంది. అత్త వాకిట్లో కూర్చుంది. జనగణనకు ఒక పంతులమ్మ వచ్చింది.

"అవ్వా, నీ కొడుకు ఏం పని చేస్తాడు?"

"మగ్గం నేస్తాడు తల్లీ."

"కోడలు?"

"అదేం చేస్తుంది? ఇంట్లోనే ఉండాది."

లోపల రాట్నం తిరుగుతూనే ఉంది. పంతులమ్మ కాగితం మీద కలం పెట్టబోయింది.

"అట్లంటావేంది అత్తా?" అంది కోడలు. "నేను కండెలు చుట్టకపోతే ఆయన ఏం నేస్తాడు?"

కోడలు చెప్పిందే సరైనది. ఇంట్లో జరిగే వృత్తిలో చేయి వేసినవాళ్ళు కూలి తీసుకోకపోయినా పనివాళ్ళే. జనగణన నియమమే అట్లా ఉంది.

పంతులమ్మ ఇంకొక ప్రశ్న అడిగింది. "అవ్వా, ఈ ఊరికి ఎందుకు వచ్చావు?"

"పెండ్లయి వచ్చినా."

కాగితం మీద పెండ్లి అని పడింది. మన దేశంలో ఊరు మారిన ఆడవాళ్ళలో ఎక్కువమంది చెప్పేది ఈ కారణమే. అది అబద్ధం కాదు. కాని వానలు లేక పుట్టింటి చేను బీడుపడటం, మగ్గం ఉన్న ఇంటికైతే బిడ్డకు తిండికి లోటు ఉండదని నాయన అనుకోవడం ఆ ఒక్క మాట వెనక దాగిపోతాయి.

కుప్పం కథ వేరు. ఆంధ్ర, కర్ణాటక, తమిళనాడు కలిసే మూల అది. బెంగళూరు - జోలార్‌పేట రైలు దారి ఊరి మీదుగా పోతుంది. తెల్లవారుజామున సద్ది కట్టుకుని రైలెక్కి, బెంగళూరులో పని చేసి, రాత్రికి ఇల్లు చేరేవాళ్ళు ఎందరో. వాళ్ళ పని అక్కడ. ఓటు, రేషన్ కార్డు, పిల్లల బడి ఇక్కడ. బెంగళూరు సుమారు వంద కిలోమీటర్ల దూరం. అయినా కుప్పం కొంతవరకు దానికి శివారు అయిపోయింది. అక్కడి అద్దెలు కట్టలేనివాళ్ళు రైలులోనే బతుకు సగం గడుపుతున్నారు.

2011 జనగణన కుప్పాన్ని పట్టణంగానే రాసింది. కాని అప్పటికి అది పంచాయతీ. మున్సిపాలిటీ అయ్యాక మొదటి ఎన్నికలు 2021 నవంబరులో జరిగాయి. పల్లె మున్సిపాలిటీలో కలిస్తే వీధి దీపాలు రావచ్చు. పన్ను కూడా పెరగవచ్చు. 2005 నాటి ఉపాధి హామీ చట్టం గ్రామాల్లోని కుటుంబాలకే పని ఇచ్చింది. పల్లె పట్నంలో కలిస్తే ఆ పని పోయేది. కూలి మీద బతికే ఆడమనిషికి ఇది చిన్న సంగతి కాదు.

ఇక పుంగనూరు. పుంగనూరు పొట్టి ఆవు పేరు దేశమంతా తెలుసు. పాలు ఎక్కువ ఇచ్చే సంకరజాతి ఆవులు వచ్చాక, పుట్టిన చోటే అది అరుదైపోయింది. ఆవుల సంగతి అట్లా ఉంటే ఇండ్లలో ఇంకో మార్పు వచ్చింది. 1992-93లో అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో ఒక్కో స్త్రీకి సగటున 2.6 మంది పిల్లలు. 2019-21 నాటికి ఆంధ్రప్రదేశ్‌లో అది 1.7కు తగ్గింది. ఇద్దరు పిల్లలే ఉంటే, ఇద్దరూ పట్నం పోతే, పల్లెలో మిగిలేది ముసలివాళ్ళే. పాలు పితికేదీ వాళ్ళే, డెయిరీకి మోసేదీ వాళ్ళే. ఇద్దరికి మించి పిల్లలున్నవాళ్ళు స్థానిక ఎన్నికల్లో నిలబడకూడదని 1994లో చట్టం చేశారు. 2024లో ఆ నిబంధన తీసేశారు. ముప్పై ఏండ్లలో ప్రభుత్వం భయం తలకిందులైంది!

2021లో జరగాల్సిన జనగణన కరోనా వల్ల ఆగింది. తర్వాతి లెక్కకు 2027 మార్చి 1ని తేదీగా ప్రకటించారు. మనం చెప్పిన జవాబులను రహస్యంగా ఉంచాలని 1948 నాటి జనగణన చట్టం చెబుతోంది. కాబట్టి ఉన్నది ఉన్నట్టు చెప్పడానికి భయం అక్కరలేదు.

కూడి మాట్లాడండి: మీ వీధిలో ఈ ఊళ్ళోనే పుట్టినవాళ్ళు ఎందరు? బయటి నుంచి వచ్చినవాళ్ళు ఎందుకు వచ్చారు? మీ ఇంట్లో "ఏం పని చేయదు" అనిపించుకునే ఆడమనిషి పొద్దున లేచిన దగ్గర నుంచి చేసే పనులన్నీ పలక మీద రాయండి.