బ్రేకుల మనిషి చెప్పే మజిల్ కార్ల పాఠాలు

నేను డెట్రాయిట్ పరిసరాల్లో బ్రేకులు తయారుచేసే కంపెనీల్లో పనిచేసి రిటైరైన ఇంజనీరుని. 1965లో అమెరికా వలస చట్టం మారాక చదువుకోవడానికి ఇక్కడికొచ్చిన తొలితరం తెలుగువాళ్ళలో ఒకణ్ణి. కాకినాడలో చదువుకునే రోజుల్లో అంబాసిడర్ ఇంజన్ విప్పి బిగించడమే నాకు తెలిసిన మోటారు విద్య. అది 1489 సీసీ. ఇక్కడ కాలేజీ కుర్రాళ్ళు దానికి నాలుగైదు రెట్ల ఇంజన్లున్న కార్లేసుకుని తిరుగుతుంటే మతి పోయింది. మజిల్ కార్లని వాటికి పేరు. మధ్యరకం కారులో పెద్ద కారు ఇంజన్ దించి, కుర్రకారు కొనగలిగే ధరకి అమ్మడం అందులోని కిటుకు. 1964 మోడల్ పాంటియాక్ జీటీవోతో ఊపందుకున్న ఆ ముచ్చట పదేళ్ళలో ముగిసింది. మోజు మాత్రం ముగియలేదు. మొన్నమొన్న ఉద్యోగంలో చేరిన మన పిల్లలు మస్టాంగో ఛాలెంజరో కొని నాకు ఫొటో పంపుతుంటారు. వాళ్ళని దృష్టిలో పెట్టుకునే ఇది రాస్తున్నాను.

1. ఆగలేని బలాన్ని బలం అనకండి.

మధ్యరకం కార్లలో 330 క్యూబిక్ అంగుళాలకి మించిన ఇంజన్ పెట్టకూడదని అప్పట్లో జనరల్ మోటార్స్ నియమం. ఆ సంస్థలో భాగమైన పాంటియాక్‌లో పనిచేసే జాన్ డెలోరియన్, ఆయన తోటి ఇంజనీర్లు దానికో దొడ్డిదారి కనిపెట్టారు. కొత్త మోడల్ అనకుండా, పాంటియాక్ టెంపెస్ట్ కారుకి అదనపు సామగ్రి అన్న పేరుతో 389 క్యూబిక్ అంగుళాల ఇంజన్ అమ్మారు. అదే జీటీవో. ఇంజన్ దాదాపు 6.4 లీటర్లు, 325 హార్స్‌పవర్. ఇంజన్ పెరిగింది గానీ బ్రేకులు పెరగలేదు. నాలుగు చక్రాలకీ మామూలు టెంపెస్ట్‌కి ఉండే 9.5 అంగుళాల డ్రమ్ములే. డిస్క్ బ్రేకులు కావాలంటే 1967 దాకా ఆగాలి, అదీ అదనంగా డబ్బు కట్టి. ముకుతాడు వేయకుండా కోడెని సంతలోకి తోలినట్టు ఆ కార్లని రోడ్డెక్కించారు.

దీని వెనకున్న లెక్క ఇంటర్మీడియట్‌లో అందరూ చదివిందే. వేగం రెట్టింపయితే బ్రేకు మింగాల్సిన శక్తి నాలుగింతలవుతుంది. ఆ శక్తంతా వేడిగా మారి డ్రమ్ములోకే పోతుంది. వేడెక్కిన డ్రమ్ము వ్యాకోచించి, లోపలున్న బ్రేకు షూ నుంచి దూరంగా జరుగుతుంది. లైనింగు పట్టు కూడా తగ్గుతుంది. మొదటిసారి గట్టిగా తొక్కితే పడిన బ్రేకు వెంటవెంటనే ఇంకో రెండుసార్లు తొక్కేసరికి పడదు. డిస్కుకి చుట్టూ గాలి తగులుతుంది కాబట్టి ఆ బాధ బాగా తక్కువ.

నేను కొన్న పాత కారు ఏ కంపెనీదో చెప్పను. అప్పటి కార్లు చాలావరకూ అంతే. ఒక శనివారం రాత్రి డెట్రాయిట్ వుడ్‌వర్డ్ రోడ్డు మీద సిగ్నలు దగ్గర్నించి సిగ్నలు దాకా పందెం వేశాను. పక్క సీట్లో గుంటూరు నుంచి వచ్చిన మా రూమ్మేటు. మూడో ఎర్రలైటు దగ్గర పెడలు నేలకి తగిలింది, కారు ఆగలేదు. కూడలి దాటి పెట్రోలు బంకు పక్కన చెట్టుకి గుద్దుకున్నాం. నాకేం కాలేదు. అతని భుజం విరిగింది. చాలా ఏళ్ళు ఆ సంగతి పార్టీల్లో హాస్యకథలా చెబుతూ వచ్చాను. ఒకసారి అతనూ అక్కడే ఉన్నాడు. అందరితోపాటు నవ్వి, పై అరలో ఉన్న గిన్నె అందుకోవడానికి ఎడమ చెయ్యి లేవక కుడి చేత్తో తీసుకున్నాడు. ఆ తర్వాత ఆ కథ ఎక్కడా చెప్పలేదు. నేను బ్రేకుల పనిలోకి వెళ్ళడానికి కారణం అదే.

2. అంకెని ఎవరు కొలిచారో అడగండి.

1964 మార్చిలో 'కార్ అండ్ డ్రైవర్' పత్రిక ఫెరారీ జీటీవోకి పోటీగా పాంటియాక్ జీటీవోని నిలబెట్టి పొగిడింది. ఆ పేరు ఫెరారీ నుంచి అరువు తెచ్చుకున్నదే కాబట్టి ఆ పోలికకి గిరాకీ ఎక్కువ. పరీక్షకి పంపిన పాంటియాక్‌లో ఉన్నది 389 ఇంజన్ కాదనీ, 421 అనీ చాలా ఏళ్ళ తర్వాత పాంటియాక్ ప్రచారం నడిపిన జిమ్ వాంగర్సే ఒప్పుకున్నాడు. ఇక హార్స్‌పవర్ అంకెలు సరేసరి. ఇంజన్‌ని ఒంటరిగా స్టాండు మీద పెట్టి, ఫ్యానూ సైలెన్సరూ లాంటి బరువులేవీ లేకుండా కొలిచేవారు. 1972 నుంచి కారులో ఉన్నప్పటిలా అన్నీ తగిలించి కొలిచి ప్రకటించడం మొదలుపెట్టేసరికి చాలా ఇంజన్ల అంకెలు అమాంతం పడిపోయాయి. దీనికి తలకిందుల వ్యవహారం కూడా ఉంది. క్రైస్లర్ వారి 426 హెమీ ఇంజన్‌ని 425 హార్స్‌పవర్ అనేవారు. అసలు బలం అంతకన్నా ఎక్కువేనని తెలిసినవాళ్ళందరి మాట. ఈ అంకెలన్నీ నేను ఇంటికి రాసే ఉత్తరాల్లో గొప్పగా దించేవాణ్ణి, తమ్ముడు వాటిని కంఠతా పట్టేవాడు.

3. కొనే ధరకన్నా ఉంచుకునే ధర పెద్దది.

1968లో వచ్చిన ప్లిమత్ రోడ్ రన్నర్ మూడువేల డాలర్ల లోపే దొరికేది. కార్టూన్ పక్షి పేరూ బొమ్మా వాడుకోవడానికి కంపెనీ వార్నర్ బ్రదర్స్‌కి 50,000 డాలర్లు కట్టింది. హారన్ కూడా ఆ పక్షిలానే కూసేది. కుర్రవాడు పడిపోకుండా ఎలా ఉంటాడు? దశాబ్దం చివరికొచ్చేసరికి ఇన్సూరెన్స్ కంపెనీలు మేలుకున్నాయి. పాతికేళ్ళ లోపు పెళ్ళికాని కుర్రాడు పెద్ద ఇంజన్ కారు నడిపితే ప్రీమియం కళ్ళు తిరిగేంత. 1973 అక్టోబరులో అరబ్బు దేశాలు చమురు ఆపాయి. బంకుల దగ్గర బారులు తీరాం. 1974 జనవరిలో దేశమంతటికీ గంటకి 55 మైళ్ళ పరిమితి పెట్టారు. ఆనాటి ఛాలెంజరూ, జీటీవో రెండూ 1974 మోడల్ సంవత్సరంతోనే ఆగిపోయాయి.

అప్పటికి నేను చెట్టుకి గుద్దిన కారు పోయి ఇంకోటి కొని ఉన్నాను. వాయిదాలూ, ఇన్సూరెన్సూ, పెట్రోలూ కలిసి జీతంలో పెద్ద వాటా తినేసేవి. అదే కాలంలో చెల్లెలి పెళ్ళి కుదిరింది. నాన్నగారు డబ్బు అడగలేదు, 'వీలయితే చూడు' అని మాత్రం రాశారు. ఇక్కడ ఖర్చులెక్కువ అని జవాబు రాశాను. అబద్ధం కాదు. ఏ ఖర్చులో మాత్రం రాయలేదు. ఆయన ఎకరం తాకట్టు పెట్టి పెళ్ళి చేశారు. ఆ కారుని చమురు కరువులో వచ్చినకాడికి అమ్మేశాను. ఇప్పటిదాకా ఉంచుకుని ఉంటే లక్షల డాలర్లు పలికేది కదా అంటారు కొందరు. మిషిగన్‌లో చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పుకి అది నా చేతిలోనే తుప్పు పట్టి పోయి ఉండేది. నన్ను బాధపెట్టేది ఆ కారు పోవడం కాదు, తాకట్టు విడిపించడానికి నాన్నగారికి పట్టిన కాలం.

4. సినిమాని చివరిదాకా చూడండి.

1971లో రెండు సినిమాలొచ్చాయి. మొదటిది రిచర్డ్ సరాఫియన్ తీసిన 'వానిషింగ్ పాయింట్'. కొవాల్స్కీ అనే మాజీ సైనికుడు, మాజీ పోలీసు, మాజీ రేసు డ్రైవరు, తెల్ల డాడ్జ్ ఛాలెంజర్‌ని డెన్వర్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి చేర్చాలి. మర్నాడు మధ్యాహ్నం మూడింటికల్లా చేరతానని పందెం కడతాడు. రాష్ట్రం తర్వాత రాష్ట్రం పోలీసులు వెంటపడతారు. చూపులేని రేడియో వ్యాఖ్యాత ఒకడు అతనికి రేడియోలోనే దారి చూపిస్తుంటాడు. డ్రైవ్-ఇన్‌లో కార్లోనే కూచుని చూశాను. ఆట అయ్యాక అక్కడున్న కుర్రాళ్ళందరం టైర్లు కీచుమనిపిస్తూ బయటికెళ్ళాం. కొవాల్స్కీ చివరికి రోడ్డుకి అడ్డంగా నిలిపిన రెండు బుల్‌డోజర్లని, నవ్వుతూ, కావాలనే గుద్దుకుని చస్తాడు. అంత స్పష్టంగా చూపించినదాన్ని మేమెవ్వరం చూడలేదు. పందేన్ని చూశాం, కారుని చూశాం. అన్నట్టు, ఆ చివరి గుద్దుడులో వాడింది ఛాలెంజర్ కాదు, ఇంజన్ తీసేసిన పాత కెమారో డొల్ల.

రెండోది మాంటీ హెల్మన్ 'టూ-లేన్ బ్లాక్‌టాప్'. నా దృష్టిలో ఈ కోవలో దీన్ని మించింది లేదు. గాయకుడు జేమ్స్ టేలర్, బీచ్ బాయ్స్ బృందంలో డ్రమ్ములు వాయించే డెనిస్ విల్సన్ ముఖ్య పాత్రలు వేశారు, అయినా తెర మీద పాడరు. పాత్రలకి పేర్లు లేవు: డ్రైవరు, మెకానిక్కు, అమ్మాయి. రంగు వేయని 1955 షెవ్రొలే వీళ్ళది. దాని మీద పందేనికి వచ్చేది 1970 జీటీవో. ఆ కారే దాన్ని నడిపే మనిషికి పేరు. ఎవరు ముందు వాషింగ్టన్ చేరితే వాళ్ళకి రెండో కారు కూడా. వారెన్ ఓట్స్ వేసిన ఆ జీటీవో మనిషి, దారిలో ఎక్కించుకున్న ప్రతివాడికీ తన గురించి కొత్త కథ చెబుతాడు. వాషింగ్టన్‌కి ఎవరూ చేరరు. పందెం మధ్యలోనే నీరుగారుతుంది, చివరికి తెర మీద ఫిల్మే కాలిపోతుంది. 'ఎస్క్వైర్' పత్రిక విడుదలకి ముందే దీన్ని ఆ ఏటి మేటి చిత్రమని ముఖచిత్రం వేసింది. జనం చూడలేదు. పాటల హక్కుల చిక్కుతో 1999 దాకా ఇంట్లో చూసుకునే వీలే లేకపోయింది. నేను అప్పుడు చూశాను. పాతికేళ్ళ వయసులో చూసి ఉంటే విసుగెత్తి లేచిపోయేవాణ్ణి. కొలువులు మారిన ప్రతిసారీ నా గురించి నేను చెప్పుకున్న రకరకాల కథలు ఆ జీటీవో మనిషి నోట వినిపించి, మళ్ళీ మొదట్నించీ పెట్టుకుని చూశాను.

5. మీ వేగం కోసం ఇంకొకరి నడుం వంగుతుంది.

కొవాల్స్కీ అన్నది పోలిష్ ఇంటిపేరు. ఛాలెంజర్లు తయారైన చోట్లలో ఒకటి డెట్రాయిట్ నడుమ ఉన్న హామ్‌ట్రామిక్. పోలిష్ కార్మికులు కట్టుకున్న ఊరది. అక్కడి డాడ్జ్ మెయిన్ ఫ్యాక్టరీలో 1960ల చివరికి నల్లజాతి కార్మికులు పెద్ద సంఖ్యలో ఉండేవారు. 1968 మేలో తయారీ లైను వేగం పెంచినందుకు అక్కడ సమ్మె జరిగింది. దాని వెంటే నల్లజాతి కార్మికుల విప్లవ సంఘం పుట్టింది. ఆ వేగం ఈ కార్ల పందేల సినిమాల్లో గానీ, ప్రకటనల్లో గానీ కనబడదు. ఆ ఫ్యాక్టరీ 1980లో మూతబడింది, తర్వాత నేలమట్టమైంది.

వేరే చోట, వేరే కంపెనీలో, స్టాప్‌వాచీ పట్టుకుని లైను పక్కన నిలబడ్డ ఇంజనీర్లలో నేనూ ఉన్నాను. ఒక్కో బ్రేకు షూ బిగించడానికి పట్టే సెకన్లలోంచి కొన్ని తగ్గించినందుకు నాకు మెచ్చుకోలు వచ్చింది. అక్కడ పనిచేసే ఒక పెద్దావిడ మణికట్టుకి గుడ్డ చుట్టుకుని రావడం మొదలుపెట్టింది. చూశాను, అడగలేదు.

6. తెర మీది వేగం కత్తెరది.

'బులిట్' (1968) చూడనివాళ్ళు ఉండరు. శాన్‌ఫ్రాన్సిస్కో ఎత్తుపల్లాల మీద స్టీవ్ మెక్వీన్ ఆకుపచ్చ మస్టాంగ్, నల్ల డాడ్జ్ ఛార్జర్‌ని వెంటాడుతుంది. జాగ్రత్తగా చూస్తే ఛార్జర్ చక్రాల మూతలు ఉండాల్సిన వాటికన్నా ఎక్కువే ఊడిపడతాయి, ఒకే ఫోక్స్‌వ్యాగన్‌ని మళ్ళీ మళ్ళీ దాటతారు. ఎడిటర్ ఫ్రాంక్ కెల్లర్‌కి ఆస్కార్ వచ్చిందంటే ఊరికే కాదు. ఆ మస్టాంగ్ సంగతి ఇంకా నచ్చుతుంది నాకు. 1974లో దాన్ని పత్రికలో ప్రకటన చూసి ఒకాయన 6,000 డాలర్లకి కొన్నాడు. ఆయన భార్య టీచరు, దాంట్లోనే బడికి వెళ్ళొచ్చేది. మెక్వీన్ తిరిగి అమ్మమని ఉత్తరం రాసినా ఇవ్వలేదు. 2020లో వేలంలో ఫీజులతో కలిపి 37 లక్షల డాలర్లకి పైగా పలికింది.

7. పాత కారు కొంటే మొదటి డాలరు చక్రాల దగ్గర ఖర్చుపెట్టండి.

1967కి ముందటి అమెరికన్ కార్లలో చాలావాటిలో బ్రేకు ఆయిల్ ఒకే మార్గంలో నడిచేది. ఒక్క గొట్టం పగిలితే నాలుగు చక్రాలూ పోయినట్టే. జంట మాస్టర్ సిలిండర్ వేయించండి. ముందు చక్రాలకి డిస్కులు పెట్టించండి, వాటికి కావలసిన సామానంతా సెట్టుగా దొరుకుతుంది. రబ్బరు గొట్టాలు చూడ్డానికి బాగున్నా మార్చేయండి, అవి లోపల్నించి చివికిపోతాయి. అసలు భాగాలు తీస్తే విలువ పడిపోతుందని అమ్మేవాడు భయపెడతాడు. తీసినవి డబ్బాలో భద్రంగా దాచండి, కారు అమ్మేనాడు కొనేవాడికి ఇవ్వొచ్చు.

8. చూడ్డానికీ ఒక రోజు పెట్టుకోండి.

1995 నుంచి దాదాపు ఏటా ఆగస్టులో మూడో శనివారం వుడ్‌వర్డ్ రోడ్డు మీద, ఫెర్న్‌డేల్ నుంచి పాంటియాక్ ఊరి దాకా, పాత కార్లన్నీ ఊరేగుతాయి. ఒకప్పుడు మేం చాటుగా పందేలు వేసిన రోడ్డే. ఆ రోజు రద్దీకి ఏ కారూ ఇరవై మైళ్ళ వేగం కూడా అందుకోలేదు. టికెట్టు లేదు. బానెట్లు తెరిచి పెట్టుకుని కూర్చున్న ముసలివాళ్ళు అడిగినవన్నీ ఓపిగ్గా చెబుతారు. మడత కుర్చీ, మంచినీళ్ళు, టోపీ తెచ్చుకోండి. కారు మాత్రం దూరంగా ఆపి నడిచి రండి, దగ్గర్లో పార్కింగ్ దొరకదు.