‘నిదానం’ : ఒక పదం, పలు త్రోవలు

వైద్యవిషయాల అనువాదంలో కఠిన పదాలకంటె పరిచితమైన పదాలే ఎక్కువ ప్రమాదకరమైనవి. సంస్కృతం నుండి వచ్చిన ఒకే పదం హిందీలో ఒక త్రోవ, తెలుగులో మరొక త్రోవ పట్టి ఉండవచ్చును. రోగకారణాన్ని, రోగగమనాన్ని తెలిపే పదాలలో ఇది స్పష్టంగా గోచరిస్తుంది.

‘నిదానం’ అనే పదాన్నే తీసుకొందాం. సంస్కృతంలో దీనికి మూలకారణమని అర్థం. రోగాన్ని గుర్తించడానికి ఆయుర్వేదం ఐదు సాధనాలను చెప్పింది. రోగహేతువు నిదానం, రాబోయే రోగాన్ని సూచించే చిహ్నం పూర్వరూపం, బయటపడిన లక్షణం రూపం, ఏ ఔషధం, ఏ ఆహారం, ఏ నడవడి ఉపశమనమిస్తున్నదో పరీక్షించడం ఉపశయం, దోషం ప్రకోపించి రోగంగా పరిణమించిన క్రమం సంప్రాప్తి. ఈ ఐదింటినీ కలిపి నిదానపంచకమన్నారు. కారణాన్ని తెలిపే పదమే ఈ విధంగా పరీక్షావిధానం మొత్తానికి పేరయింది. మాధవకరుని ‘మాధవనిదానం’లో చికిత్స చెప్పబడలేదు, ఉన్నదంతా రోగవిచారమే.

నేటి హిందీలో నిదానమంటే రోగనిర్ధారణ. సమస్యకు పరిష్కారమనే అర్థంలో కూడ ఆ భాషలో వాడుతున్నారు. తెలుగు నిఘంటువులు ఆదికారణమనే అర్థాన్ని భద్రపరచినా, వ్యవహారంలో నిదానమంటే తొందర లేకపోవడమే. తమిళంలో దాదాపు ఇంతే, కన్నడంలో ‘నిధాన’. క్షయరోగ నిదానం వెంటనే జరగాలని హిందీలో ఉన్న వాక్యాన్ని యథాతథంగా దించితే, తెలుగు పాఠకుడు వెంటనే వెళ్ళాలో నిదానంగా వెళ్ళాలో తేల్చుకోలేడు! ఇక్కడ ‘రోగనిర్ధారణ’ అనడమే క్షేమం.

1961లో కేంద్రప్రభుత్వం ఏర్పరచిన శాస్త్రీయ, సాంకేతిక పదావళి సంఘం దేశభాషలన్నిటికీ ఉమ్మడిగా చెల్లే పదాలను ఆశించింది. ఆశయం మంచిదే. కాని రూపం ఒకటైనంత మాత్రాన అర్థం ఒకటి కాదు. హఠాత్తుగా మొదలై కొద్దికాలంలో ముగిసే రోగాన్ని హిందీ వైద్యులు ‘తీవ్ర’ రోగమంటారు. తెలుగులో తీవ్రమంటే ఉద్ధృతమైనది, భయపడవలసినది. వైద్యుని లెక్కలో మామూలు జలుబు కూడ మొదటి వర్గంలోనిదే. దీర్ఘకాలికమైన మధుమేహమో, పైకి శాంతంగా కనిపిస్తూ కన్నును, మూత్రపిండాన్ని దెబ్బతీయగలదు. అందుచేత ‘ఆకస్మిక’, ‘స్వల్పకాలిక’ అనే పదాలు సందర్భానుసారం మేలు. పాతబడి విడువని జ్వరాన్ని ‘జీర్ణజ్వరం’ అంటే మన పాఠకుని ఊహ ముందుగా కడుపు మీదికే పోతుంది.

ఒక రోగం వెంట దానివల్లనే పుట్టే మరొక బాధను ఆయుర్వేదం ‘ఉపద్రవం’ అన్నది. నేటి హిందీ పాఠకునికి అది అల్లరి, కలహం. తెలుగు పాఠకునికి పెనువిపత్తు. తట్టు పోసిన శిశువుకు న్యూమోనియా సోకడం ఇటువంటిదే. తల్లికి చెప్పేటప్పుడు ‘తట్టు వల్ల వచ్చే మరో జబ్బు’ అంటే చాలును.