చపలచిత్తులగు బాలురు: మందు, వ్యాయామము

పిలిచినను వినడు, వ్రాయుచున్న వాక్యమును నడుమ విడుచును, పుస్తకమును ఎచ్చటనో మరచి వచ్చును. ఇట్టివానిని మనము "అల్లరివాడు", "సోమరి" అందుము. కాని కొందరియందిది అల్లరి కాదు, అవధానలోపము. తెలివి కొరవడకయే నిలుకడ లేని పిల్లలను గూర్చి జార్జి స్టిల్ అను వైద్యుడు 1902లో లండనునందు ఉపన్యసించెను. బాలికలలో నిది అల్లరిగాక పరధ్యానముగా నుండుటచే తరచు కంటబడదు.

మన కామసముద్రమున నొక జాగ్రత్త అవసరము. ఇంట తెలుగు, బజారున కన్నడము. అర్థముకాని భాషలో పాఠము నడచిన ఏ బిడ్డయైనను కిటికీవంక చూచును. అది వ్యాధి కాదు. వినికిడి లోపము, చూపు మాంద్యము, నిద్రలేమియు ఇట్లే కనబడును. పండ్రెండేండ్లలోపే మొదలై, ఇంటను బడిలోను ఆరుమాసములైనను నిలిచి, చదువునకడ్డుపడినచో వైద్యునకు చూపవలెను.

1937లో అమెరికాలో చార్లెస్ బ్రాడ్లీ పిల్లల తలనొప్పికై బెంజిడ్రిన్ ఇచ్చి, వారు శ్రద్ధగా చదువుట గమనించెను. నేడు ఎక్కువగా వాడు మిథైల్‌ఫెనిడేటు 1944లో స్విట్జర్లాండున తయారైనది. ఇది మెదడులో డోపమిన్, నారడ్రినలిన్ అను పదార్థముల పనిని బలపరచును. ఆకలి, నిద్ర తగ్గవచ్చును గనుక వైద్యుడు బరువు, ఎత్తు, నాడి, రక్తపుపోటు చూచుచుండవలెను. తమంతట తాము మాత్ర పెంచుటయు, మానుటయు తగదు. ఆరేండ్లలోపువారికి ముందుగా తలిదండ్రుల శిక్షణయే మేలు.

మరి వ్యాయామమో? ఐదు మొదలు పదునేడేండ్ల వరకు పిల్లలందరకు దినమునకు సగటున 60 నిమిషముల చురుకైన కదలిక కావలెనని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2020లో చెప్పినది. పరుగు, కబడ్డీ, తాడాట తరువాత కొంతసేపు శ్రద్ధ కుదురుట పరిశోధనలలో కనబడినది. ఆ మేలు కొద్దిపాటిదే. మందు అవసరమైనవానికి ఆట బదులు కాదు. అట్లే మాత్ర వేసికొన్నవానికి ఆట అనవసరమును కాదు.

కావున లెక్క చేయలేదని ఆటల గంట మాన్పించుట, దప్పిగొన్నవానికి నీరు మాన్పించుట వంటిది. ఇట్టి బాలునకు పాఠమును చిన్న భాగములుగా నిచ్చి, నడుమ లేచి తిరుగనిచ్చి, చేసినంతటికి మెచ్చుకొనవలెను.

తలిదండ్రులారా, సంకోచింపకుడు. జిల్లా ఆసుపత్రిలో అడుగవచ్చును. రైలు దూరముననే బెంగళూరులో నిమ్హాన్స్ ఉన్నది. 2022లో ఆరంభమైన టెలిమానస్‌కు, 14416 సంఖ్యకు, ఉచితముగా తెలుగుననే మాటలాడవచ్చును. విద్యార్థులారా, అట్టి తోటివానిని వెక్కిరింపక మీ ఆటలోనికి పిలువుడు. అదియు చికిత్సలో మీ పాలు.