లైబ్రేరియన్ కుర్చీ ఖాళీ అయ్యేలోపు మీ అర్హత సిద్ధం కావాలి

ఖమ్మం, కొత్తగూడెం, భద్రాచలం గ్రంథాలయాల్లో పొద్దున్నే కుర్చీ పట్టుకునేవాళ్ళలో ఎక్కువమంది గ్రూప్స్‌కో, డీఎస్సీకో, కానిస్టేబుల్ పరీక్షకో చదువుతున్నవాళ్ళే. చర్ల, దుమ్ముగూడెం, పినపాక వైపు పల్లెల నుంచి వచ్చి, నలుగురైదుగురు కలిసి ఒక గది అద్దెకు తీసుకుని, టిఫిన్ బాక్సుతో హాల్లో కూర్చుంటే సాయంత్రం దాకా కదలరు. ఏళ్ళ తరబడి అక్కడే చదువుతున్నా, ఆ హాలును నడిపే ఉద్యోగం ఎలా వస్తుందని వాకబు చేసేవాళ్ళు చాలా తక్కువ. లైబ్రేరియన్ పోస్టుకూ పోటీ ఉంది. కాకపోతే గ్రూప్స్‌కు ఎగబడినంత జనం ఉండరు. దీనికి డిగ్రీ మీద మరో కోర్సు కావాలి. నోటిఫికేషన్ పడ్డాక ఆ కోర్సులో చేరితే దరఖాస్తు గడువు ఆగదు. ప్రతిసారీ ఎంతోమంది అక్కడే ఆగిపోతున్నారు.

రోజు ఎలా గడుస్తుంది

చాలా శాఖా గ్రంథాలయాలను ఉదయం 8 నుంచి 11 దాకా, సాయంత్రం 4 నుంచి 7 దాకా తెరుస్తారు. వారపు సెలవు శుక్రవారం. తలుపు తీసేసరికే పేపర్ల కోసం పెద్దవాళ్ళు మెట్ల మీద ఉంటారు. వచ్చిన పేపర్లను రిజిస్టర్‌లో టిక్కు పెట్టి, ముద్ర వేసి బల్ల మీద పరచాలి. రాని పేపరు గురించి ఏజెంటుకు ఫోన్ చేసి అడగాలి. రిటైరైన మాస్టార్లు ఎడిటోరియల్ పేజీ వదలరు, నిరుద్యోగులకు ఉద్యోగాల పేజీ కావాలి, పిల్లలకు బొమ్మల పుస్తకాలు కావాలి. ఒకే పేపరు నలుగురికి సర్దడం కూడా లైబ్రేరియన్ పనే.

మిగతా పని పాఠకుడి కంట పడదు. కొత్త పుస్తకం వచ్చిందంటే ముందు బిల్లుతో సరిచూసుకోవాలి. అక్సెషన్ రిజిస్టర్‌లో వరుస నంబరు వేసి రచయిత, పుస్తకం పేరు, ప్రచురణకర్త, వెల రాయాలి. ముద్ర టైటిల్ పేజీ మీద ఒకటి, ఎవరూ గమనించని ఒక నిర్ణీత పేజీ మీద ఇంకొకటి వేస్తారు. ఎవరైనా అట్ట, మొదటి పేజీలు చింపేసినా ఆ పుస్తకం ఏ గ్రంథాలయానిదో రెండో ముద్ర చెప్పేస్తుంది. ఆ తర్వాత వర్గీకరణ. మెల్విల్ డ్యూయీ 1876లో తెచ్చిన దశాంశ పద్ధతిలో తెలుగు సాహిత్యానికి కేటాయించిన సంఖ్య 894.827. దాని పక్కన 1 చేరితే కవిత్వం, 2 చేరితే నాటకం, 3 చేరితే కథ, నవల. పుస్తకం వీపు మీద 894.8273 అన్న చీటీ కనపడితే అది తెలుగు నవలో, కథల సంపుటో అని అర్థం. మీరు రోజూ కూర్చునే హాల్లోనే రేపు ఆ చీటీలు చదువుతూ ఒక చుట్టు తిరగండి. కోర్సులో మొదటి నెల చెప్పే పాఠం సగం అక్కడే వచ్చేస్తుంది.

అడవి అంచున ఈ పనికి ఇంకో ముఖం ఉంది. భద్రాచలం గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) పరిధిలో చాలా ఇళ్ళలో పిల్లలు మాట్లాడేది కోయ భాష. బడికి వచ్చాకే తెలుగు. ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి ఇక్కడ నిలదొక్కుకున్న గుత్తికోయ కుటుంబాల పిల్లలకైతే తెలుగు పూర్తిగా కొత్త. అలాంటి పిల్లాడికి మొదటి బొమ్మల పుస్తకం చేతికిచ్చి, వాడి భాషలో రెండు మాటలు మాట్లాడగల లైబ్రేరియన్ దొరికితే వాడు రెండో రోజు కూడా వస్తాడు. కోయ తెలిసిన అభ్యర్థులు తమకున్న ఈ బలాన్ని తక్కువగా చూసుకుంటున్నారని నాకు గట్టిగా అనిపిస్తుంది. పరీక్షలో దానికి మార్కులు రాకపోవచ్చు. ఉద్యోగంలో చేరిన మొదటి రోజు నుంచే అది అక్కరకొస్తుంది.

గోదావరి సంగతీ మరవకూడదు. భద్రాచలం దగ్గర నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జూలైలో అది 71 అడుగులు దాటింది. ఒడ్డు ఊళ్ళలో పనిచేసేవాళ్ళు రిఫరెన్సు పుస్తకాలను, పాత రిజిస్టర్లను అడుగు ర్యాకులో పెట్టకూడదు. వాన తగ్గాక చెద, బూజు వెతుక్కుంటూ బీరువాలన్నీ తెరిచి ఆరబెట్టడం ప్రతి ఏడాదీ ఉండే పనే.

కుర్చీ ఎప్పుడు ఖాళీ అవుతుంది

పౌర గ్రంథాలయాలు నడిచేది 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద. జిల్లాకో గ్రంథాలయ సంస్థ, దాని కింద జిల్లా కేంద్ర గ్రంథాలయం, శాఖలు, గ్రామీణ గ్రంథాలయాలు ఉంటాయి. మనం కట్టే ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. పంచాయతీలు, మున్సిపాలిటీలు వసూలు చేసి సంస్థకు జమ చేయాలి. పుస్తకాలకు, పత్రికలకు, రోజువారీ ఖర్చుకు పెద్ద ఆధారం ఇదే. పెద్ద మున్సిపాలిటీ ఉన్న జిల్లాకు రాబడి ఉంటుంది. గుడిసెలు, పెంకుటిళ్ళు ఎక్కువున్న ఏజెన్సీ పంచాయతీల నుంచి వచ్చేదెంత? వసూలైన సెస్సు కూడా స్థానిక సంస్థల దగ్గర బకాయి పడిపోవడం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పాత జబ్బే. అందుకే ఒక లైబ్రేరియన్ రిటైరైతే కొత్తవాళ్ళు వెంటనే రారు. పక్క ఊరి లైబ్రేరియన్‌కు ఇన్‌చార్జి ఇస్తారు. ఆయన వారంలో కొన్ని రోజులు ఇక్కడ, కొన్ని రోజులు అక్కడ. ఆయన లేని రోజు తాళం తీసేది అటెండరో, ఔట్‌సోర్సింగ్ ఉద్యోగో. పేపర్లు పరుస్తారు గానీ పుస్తకాలు ఇంటికివ్వడం ఆగిపోతుంది.

పైగా ఈ ప్రాంతంలో సరిహద్దులే ఎన్నోసార్లు మారాయి. భద్రాచలం 1959 దాకా తూర్పు గోదావరి జిల్లాలో ఉండేది, ఆ తర్వాత ఖమ్మంలో కలిసింది. 2014లో చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం వంటి పోలవరం ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్ళాయి. భద్రాచలం పట్టణం తెలంగాణలో మిగిలి, ఆనుకునే ఉన్న ఎటపాక అటు చేరింది. 2016 అక్టోబరులో ఖమ్మం నుంచి భద్రాద్రి కొత్తగూడెం విడిపోయింది. గీత మారిన ప్రతిసారీ రికార్డులు, ఆస్తులు, సిబ్బంది పంపకం జరగాలి, అందాకా ఖాళీల లెక్క తేలదు.

కాబట్టి జిల్లా గ్రంథాలయ సంస్థ పోస్టుల కోసమే కాచుకుని కూర్చోమని నేనెవరికీ చెప్పను. ఉద్యోగ విరమణ వయసు తెలంగాణలో 2021లో 61కి పెరిగింది. ఉన్న ఖాళీలు నిండాలన్నా ప్రభుత్వ అనుమతి రావాలి. వస్తే దరఖాస్తు చేయండి, కానీ దాని మీదే ఆశ పెట్టుకోవద్దు.

పోస్టులు ఎక్కువగా ఉన్నచోటు

గురుకులాలు. 2023లో తెలంగాణ గురుకుల నియామక బోర్డు ఇచ్చిన నోటిఫికేషన్లలో ఒక్క పాఠశాలల లైబ్రేరియన్ పోస్టులే 434. దానికి కాస్త ముందు, 2022 డిసెంబరు చివర్లో, రాష్ట్ర పబ్లిక్ సర్వీస్ కమిషన్ 71 లైబ్రేరియన్ పోస్టులు ప్రకటించింది. 40 ఇంటర్మీడియట్ విద్యాశాఖలో, 31 సాంకేతిక విద్యాశాఖలో. కేంద్రం నడిపే ఏకలవ్య ఆదర్శ గురుకులాలు, నవోదయ, కేంద్రీయ విద్యాలయాలకు కూడా లైబ్రేరియన్లు కావాలి. గిరిజన గురుకులాలు, ఏకలవ్య బడులు మన అడవి మండలాల్లోనే ఉన్నాయి. డిగ్రీ కళాశాల, విశ్వవిద్యాలయ స్థాయికి వెళ్ళాలంటే గ్రంథాలయ శాస్త్రంలో పీజీ అయిన ఎంఎల్ఐఎస్సీ, ఆపైన నెట్ లేదా సెట్ రాయాలి. యూజీసీ నెట్‌లో గ్రంథాలయ శాస్త్రం ఒక సబ్జెక్టు, కోడ్ 59. ప్రైవేటు ఇంజినీరింగ్, ఫార్మసీ కళాశాలలూ అర్హత ఉన్నవాళ్ళను తీసుకుంటాయి. జీతం తక్కువే అయినా అనుభవం వస్తుంది.

ఇక్కడొక మాట సూటిగా చెప్పాలి. ఏజెన్సీ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అన్న భరోసాతో చదువు పక్కన పెట్టొద్దు. షెడ్యూల్డ్ ప్రాంతాల ఉపాధ్యాయ పోస్టుల్లో నూరు శాతం రిజర్వేషన్ ఇచ్చిన 2000 నాటి జీవో నంబరు 3ను సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్‌లో కొట్టేసింది. ఎస్టీ రిజర్వేషన్ ఉంది, వయసులో సడలింపు ఉంది. మిగిలింది పరీక్షలో తెచ్చుకోవాలి.

స్థానికత లెక్క కూడా ముందే తేల్చుకోండి. తెలంగాణలో 1 నుంచి 7వ తరగతి దాకా ఉన్న ఏడేళ్ళలో కనీసం నాలుగేళ్ళు ఎక్కడ చదివితే అక్కడే స్థానికులు. ఖమ్మం, భద్రాద్రి కొత్తగూడెం, మహబూబాబాద్, వరంగల్, హనుమకొండ జిల్లాలు కలిసి భద్రాద్రి జోన్. నేరుగా భర్తీ చేసే పోస్టుల్లో 95 శాతం స్థానికులకే. ఎటపాకలో ఇల్లు, భద్రాచలంలో బడి అయినవాళ్ళు, లేదా దానికి తారుమారుగా ఉన్నవాళ్ళు, స్టడీ సర్టిఫికెట్లు ఇప్పుడే తెచ్చి పెట్టుకోవాలి. ఆంధ్రప్రదేశ్ నిబంధనలు వేరు, అవీ చదవాలి. ఏ పోస్టు జిల్లాది, ఏ పోస్టు జోన్‌ది అన్న తేడా ఎంత బరువైందో 2021 డిసెంబరులో జీవో 317 వచ్చి ఉద్యోగులను కొత్త జిల్లాలకు సర్దినప్పుడు ఎన్నో కుటుంబాలకు తెలిసొచ్చింది.

కోర్సు, దానికి మించిన పని

ఏ డిగ్రీ చేసినా సరే, గ్రంథాలయ శాస్త్రంలో డిగ్రీ అయిన బీఎల్ఐఎస్సీలో చేరవచ్చు. ఒక ఏడాది కోర్సు. రెగ్యులర్‌గా ఉస్మానియా వంటి విశ్వవిద్యాలయాల్లో ఉంది. దూరవిద్యలో అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం, కాకతీయ దూరవిద్యా కేంద్రం, ఇగ్నో ఈ కోర్సు నడుపుతున్నాయి. ఇంటర్‌తో చేసే సర్టిఫికెట్ కోర్సు కూడా ఉంది, కింది స్థాయి పోస్టులకు అది పనికొస్తుంది. డిగ్రీ అవకాశం ఉన్నవాళ్ళు మాత్రం బీఎల్ఐఎస్సీకే వెళ్ళండి, గురుకులాల తలుపు తెరిచేది అదే. చేరకముందు మూడు విషయాలు అడిగి తెలుసుకోండి: ప్రాక్టికల్స్ ఏ ఊళ్ళో పెడతారు, ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తిస్తుందా, సర్టిఫికెట్ చేతికి ఎప్పుడు వస్తుంది. దరఖాస్తు గడువు తేదీకి మార్కుల మెమో లేక పోస్టు పోగొట్టుకోవడం కంటే బాధాకరమైంది లేదు.

సిలబస్‌లో ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో చెప్పిన అయిదు సూత్రాలు, 1933 నాటి ఆయన కోలన్ వర్గీకరణ తప్పనిసరి. గ్రంథాలయోద్యమం మీదా ప్రశ్నలు వస్తాయి. 1901లో హైదరాబాద్‌లో మొదలైన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, 1914లో బెజవాడ గ్రంథాలయ మహాసభ, దాని వెనక అయ్యంకి వెంకటరమణయ్య, కృష్ణా కాలువల మీద పడవలో పుస్తకాలు తిప్పిన పాతూరి నాగభూషణం, ఊరూరా నడిచి పుస్తకాలు అమ్మిన వట్టికోట ఆళ్వారుస్వామి. ఇవి మనకు బట్టీ పట్టాల్సిన పేర్లు కావు, ఇంటి చరిత్ర. 1925లో నిజాం రాష్ట్ర ఆంధ్ర గ్రంథాలయ మహాసభ జరిగింది మన మధిరలోనే.

పుస్తకంలో లేనివి కూడా నేర్చుకోవాలి. కోహా అన్న సాఫ్ట్‌వేర్ ఉచితం, న్యూజిలాండ్‌లో పుట్టి ప్రపంచమంతా వాడుతున్నది. ల్యాప్‌టాప్‌లో ఎక్కించుకుని మీ ఇంట్లో ఉన్న యాభై పుస్తకాలకు కేటలాగు చేయండి. ఎన్ఐసీ తయారుచేసిన ఈ-గ్రంథాలయ కూడా చూడండి. తెలుగు యూనికోడ్ టైపింగ్ వేళ్ళకు అలవాటవ్వాలి.

ఉద్యోగం వచ్చాక చేసే మొదటి పని చార్జి తీసుకోవడం. పాత లైబ్రేరియన్ ఎంత మంచివారైనా అక్సెషన్ రిజిస్టర్ ముందు పెట్టుకుని పుస్తకాలు ఒక్కొక్కటీ లెక్కపెట్టండి. లేనివాటి జాబితా రాసి ఇద్దరూ సంతకాలు చేసి, పై అధికారికి కాపీ పంపండి. మొహమాటపడి లెక్క చూడకుండా సంతకం పెడితే అంతకుముందు పదేళ్ళలో పోయిన పుస్తకాలన్నీ మీ ఖాతాలోకి వస్తాయి. రిటైర్‌మెంట్ నాడు వాటికి జవాబు చెప్పాల్సింది మీరే.

డిగ్రీ చివరి ఏడాదిలో ఉన్న పిల్లలారా, ఈసారి ప్రవేశ ప్రకటన వచ్చేసరికి బీఎల్ఐఎస్సీ దరఖాస్తు పెట్టేయండి. నవంబరు 14 నుంచి 20 దాకా జరిగే గ్రంథాలయ వారోత్సవాల్లో మీ ఊరి లైబ్రేరియన్ దగ్గరికి వెళ్ళి, పుస్తకాలు సర్దడానికో, స్టాక్ లెక్కపెట్టడానికో సాయం చేస్తామని అడగండి. ఒంటి చేత్తో రెండు గ్రంథాలయాలు చూసుకుంటున్న మనిషికి మీ సాయం ఎంతో అవసరం.